ఛీ అక్క, ఎవరూ పడుకోని గది

పిల్లల ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డు దాటగానే ఉన్న మూడంతస్తుల వసతి ఇంట్లో ఊడ్చి తుడిచే ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది ఆమెకైనా గుర్తుందో లేదో. అందరికీ ఆమె ఛీ అక్క. పొద్దున్నే కళ్ళు తెరిచి పైకప్పును చూసి ఒక ఛీ, చెప్పుల్లో కాలు పెట్టి ఒక ఛీ, అద్దంలో తన మొహం తనే చూసుకుని ఒక పెద్ద ఛీ. ఆ తర్వాతే పళ్ళు తోముకుంటుంది. ఆ ఛీ కూడా ఆషామాషీది కాదు. మెట్ల కింద నిలబడి ఛీ అందంటే మూడో అంతస్తులో ఆరేసిన గుడ్డలు ఊగుతాయి. జోకొట్టినా ఊరుకోని పసివాళ్ళు ఎదురుగా ఆసుపత్రిలో ఆ ఛీకి ఠక్కున నోరు మూస్తారని నర్సులు చెప్పుకుంటారు.

అసహ్యం ఆమెకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇంటినిండా తోబుట్టువులు, అందరికీ కలిపి ఒకటే తువ్వాలు. ఈమె ఆఖరిది. తన వంతు వచ్చేసరికి ఆ తువ్వాలు తుడిచేది కాదు, పూసేది. పెద్దయ్యాక చేపల మార్కెట్లో పొలుసులు గీకింది. ఆ తర్వాత సినిమా హాల్లో సీట్ల కింద జనం అంటించిపోయిన బబుల్‌గమ్ గీకింది. ఊరందరి ఎంగిలీ తన గోళ్ళలోనే ఉందని అప్పట్లో అన్నం కూడా చెంచాతో తినేదట. మొగుడేమయ్యాడని అడిగితే "పోయాడు" అంటుంది. ఎటు పోయాడో చెప్పదు. వీధిలో వాళ్ళు చెప్పే కథ వేరు. ఆయన మంచం మీద కూర్చుని కాలిగోళ్ళు కత్తిరించుకుని దుప్పట్లోనే దులిపేవాడట. ఒకరోజు ఒక గోరు ఎగిరి ఆవిడ టీ గ్లాసులో పడిందట. ఆ గ్లాసునూ ఆయన్నూ కలిపే గుమ్మం బయట పెట్టి తలుపు వేసుకుందట. గ్లాసు మాత్రం కడిగి లోపలికి తెచ్చుకుందని కిట్టనివాళ్ళు అంటారు.

అలాంటి మనిషికి దొరక్క దొరక్క ఈ ఉద్యోగం దొరికింది.

జబ్బు పిల్లల్ని మోసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు జనం. పిల్లకి వార్డులో మంచం దొరుకుతుంది, పక్కన ఒక్కరిని ఉండనిస్తారు. మిగతావాళ్ళు తలదాచుకోవడానికి దాతలెవరో కట్టించిన ఇల్లు ఇది. గదికి రెండు కుటుంబాలు, మధ్యలో తాడు కట్టి దుప్పటి తెర. అంతస్తుకొక వంటగది, చివర్లో బాత్రూములు. అద్దె అడగరు. అందుకేనేమో ఒళ్ళు కూడా వంచరు అంటుంది ఛీ అక్క. వంటగది సింకులో అన్నం మెతుకులు ఉబ్బి పురుగుల్లా తేలుతుంటాయి. మోరీలో వెంట్రుకలు లాగితే చచ్చిన పిల్లిని తోక పట్టి లాగినట్టు మూరల కొద్దీ వస్తూనే ఉంటాయి. టీ గ్లాసులో సిగరెట్టు పీక. కిటికీ గూట్లో సగం కొరికిన గుడ్డు. ఎవరు పెట్టారో, ఎవరి కోసం దాచారో!

అన్నిటికన్నా ఆమెకు ఒళ్ళు మండేది బాత్రూము గోడలు. జనం వాడే గదుల్లో లోపల గడియ ఉన్నవి బాత్రూములే. అందుకని ఏడవాలనిపిస్తే ఆడా మగా అందరూ అక్కడికే దూరతారు. ఏడ్చి, ముక్కు చీది, ఆ చెయ్యి గోడకు రాసి వస్తారు. అంతెత్తు మగాళ్ళు కూడా. రోజూ బ్రష్షు పట్టుకుని ఆ చీమిడి గీకుతూ ఆవిడ తిట్టే తిట్లకు సున్నం దానంతటదే రాలుతుంది.

"ఏడవండ్రా నాయనా, వద్దన్నానా? జేబురుమాలు పెట్టుకుని ఏడవండి. మీ పిల్లలకి నయమయ్యేలోగా నా ప్రాణం పోయేట్టుంది, ఛీ!"

దానం బట్టల మూటలు విప్పడం కూడా ఆమె పనే. చంకల్లో పచ్చటి మరకల చొక్కాలు, సాగిపోయిన లోదుస్తులు, ఒంటి సాక్సు. "ఒంటికాలి దాత ఎవరో పుణ్యం కట్టుకున్నాడు" అని ఆ సాక్సును చీపురు కొసతో ఎత్తి బకెట్లో వేస్తుంది.

అంత మురికిలోనూ ఆమె ప్రాణం నిలబెట్టింది ఒకటే, మొదటి అంతస్తులో మెట్లెక్కగానే ఉన్న గది. దాన్ని అందరూ చూపుడు గది అంటారు. తెల్లటి దుప్పటి పరిచిన మంచం, గాజు గ్లాసులో ఎవరి నోరూ ఎరగని టూత్‌బ్రష్షు, పళ్ళెంలో ప్లాస్టిక్ ఆపిల్ పళ్ళు, దిండుకి ఆనుకుని ఇంకా కవరు కూడా విప్పని ఎలుగుబంటి బొమ్మ. లోపలే సొంత బాత్రూము. దానికి నీలం టైల్సు. ఈ ఇంటికి డబ్బిచ్చే దాతల్లో పెద్దాయన టైల్సు వ్యాపారి, ఆయనే పంపాడు. దాతలు వచ్చినప్పుడు మేనేజరు ఈ గది చూపిస్తాడు. ఇల్లంతా ఇలాగే ఉంటుందనుకుని వాళ్ళు మెట్ల దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళిపోతారు. ఆ గదిలో ఇంతవరకు ఒక్క పురుగు కూడా పడుకోలేదు.

పడుకోని గదికి నీళ్ళెందుకని బాత్రూముకి పైపు కూడా వేయలేదు. కుళాయి తళతళలాడుతుంది, దాని వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, మేనేజరుకీ ఛీ అక్కకీ. ఆవిడకైతే అదే వరం. నీళ్ళు పడని బాత్రూముకి మించిన శుభ్రం లోకంలో ఇంకేముంటుంది? మధ్యాహ్నం పనయ్యాక తాళం తీసి, చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, లోపలికెళ్ళి నేల మీద కూర్చుంటుంది. మంచం మీద కాదు సుమా, తన ఒళ్ళన్నా ఆమెకు నమ్మకం లేదు. కూర్చుని ఊరికే పీల్చుకుంటుంది. ఏ వాసనా రాదు. అదే ఆమె స్వర్గం. ఆ గది తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుంది, నిద్రలో కూడా తీయదు.

సరిగ్గా ఆ స్వర్గం మీదే కండక్టరమ్మ కన్ను పడింది.

ఈవిడ బస్సు కండక్టరు. గొంతు విప్పితే వెనక సీటు దాకా వినిపిస్తుంది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు, ఆరేళ్ళది. మందులకు జుట్టంతా రాలి తల గుండ్రంగా నున్నగా అయింది కనక వార్డులో ఎవరో బఠానీ అన్నారు, అదే ఖాయమైంది. పిల్లను వార్డు నుంచి పంపేశారు గానీ ఇంటికి కాదు. రోజు విడిచి రోజు వచ్చి మందు ఎక్కించుకోవాలి. రక్తంలో బలం పుంజుకునేదాకా పదిమందిలో పెట్టొద్దు, విడి గది ఉండాలి, విడి బాత్రూము ఉండాలి, జ్వరం తగిలిందంటే మందు ఆపేసి మళ్ళీ వార్డులో పడేయాల్సిందే, ఈసారి తట్టుకుంటుందో లేదో చెప్పలేను అన్నాడు డాక్టరు. ఇక్కడ చూస్తే తెర అవతల ఒక తాత. ఆయన అటు తిరిగి దగ్గితే తెర ఇటు ఊగుతుంది. ఇటు తిరిగి దగ్గితే తుంపర వచ్చి వీళ్ళ గిన్నెల్లో పడుతుంది. కండక్టరమ్మ రోజంతా పిల్ల మొహం మీద తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది.

మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు, చొక్కాకే కాదు, నవ్వుకి కూడా ఇస్త్రీ ఉంటుంది.

"ఆ గది చూపించే కదమ్మా ఈ ఇల్లు నడిపిస్తున్నాం. అయినా తాళంచెవి నా దగ్గరెక్కడుంది? అక్కనడుగు. ఆవిడ సరేనంటే నాకేం అభ్యంతరం?" అన్నాడు. ఛీ అక్క ఏమంటుందో ఆయనకు తెలుసు. తెలిసే పంపాడు.

మెట్ల మీద గుడ్డ పిండుతున్న ఛీ అక్క ముందు నిలబడింది కండక్టరమ్మ, వెనక మూతికి మాస్కు కట్టుకుని బఠానీ.

"అక్కా, ఆ మెట్ల పక్క గది కొన్నాళ్ళు..."

"కుదరదు."

"పూర్తిగా వినక్కా. డాక్టరు చెప్పాడు..."

"డాక్టరొచ్చి కడుగుతాడా? మీ పిల్లలు మందు పడగానే కక్కుతారు. తెల్ల దుప్పటది. పరుపులోకి దిగిందంటే వాసన ఈ జన్మకి పోదు. ఛీ! పో, పో."

తల్లి ఇంకేదో అనబోతుంటే వెనక నుంచి బఠానీ తల ముందుకొచ్చింది. "నువ్వేనా ఛీ అక్కవి? ఇంకోసారి అనవా?"

"ఏంటే?"

"ఛీ. నేను అన్నాను చూడు, బాలేదు. నువ్వంటే బావుంది. గొంతులోంచి వస్తోంది."

"ఎవరే ఇది, బొడ్డూడని పిల్ల నాకు మాటలు నేర్పుతోంది! తీసుకుపోవమ్మా దీన్ని."

కండక్టరమ్మ మొహం ఎర్రబడింది. "పోతాను. బస్సులో పుట్టి బస్సులో పెరిగినట్టు బతికాను అక్కా, అన్ని రకాల మనుషుల్నీ చూశాను. పిల్లతల్లిని నిలబెట్టి ఖాళీ సీటుకి కాపలా కాసే మనిషిని మాత్రం ఇదే చూడ్డం" అనేసి కూతుర్ని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

ఛీ అక్క ఆ మాటకు ఉతికేసిన గుడ్డ మళ్ళీ ఉతికింది. ఆ మధ్యాహ్నం చూపుడు గదిలో కూర్చుంటే ఎందుకో ఊపిరి సరిగా ఆడలేదు. పైనుంచి తాత దగ్గు వినిపిస్తూనే ఉంది. "ఛీ, ముసలాయన ఊపిరితిత్తులు బయటికి వచ్చేట్టున్నాయి" అనుకుని కిటికీ వేసింది. దగ్గు ఆగలేదు.

ఆ వారంలోనే టైల్సు వ్యాపారి భార్యాసమేతంగా వస్తున్నాడని కబురొచ్చింది. ఇస్త్రీ సారు ఇల్లంతా గంతులేశాడు. ఆరేసిన గుడ్డలన్నీ తీయించాడు. తాతని దగ్గొద్దన్నాడు. ఆయన్ని చూసి తాత ఇంకా దగ్గాడు. వచ్చేవాళ్ళు ఈసారి ఫోటో తీయించుకుంటారట, మంచం మీద పిల్ల ఉండాలట. ఇస్త్రీ సారు గదులన్నీ తిరిగి, సంతలో వంకాయలు ఏరినట్టు ఏరి, బఠానీ దగ్గర ఆగాడు.

"ఈ పిల్ల. గుండు బాగా పడుతుంది ఫోటోలో" అన్నాడు.

గుమ్మంలో ఉన్న ఛీ అక్క చెవిన ఆ మాట పడింది. ఆమె నోట్లో ఛీ పుట్టింది, కానీ బయటికి రాలేదు. జీవితంలో మొదటిసారి మింగింది. కండక్టరమ్మ మాత్రం ఆశపడింది. గదిలోకి అడుగంటూ పెట్టనిస్తే దాతగారి కాళ్ళయినా పట్టుకోవచ్చనుకుంది పాపం. పిల్లకి ఉతికిన గౌను తొడిగి తీసుకొచ్చింది.

వ్యాపారి వచ్చాడు. బొజ్జ ముందొచ్చింది, ఆయన తర్వాత వచ్చాడు. ఆయన భార్య ఒంటినిండా అత్తరు పూసుకుంది. ఆ ఘాటుకి మెట్ల మీద ఈగలు స్పృహ తప్పి పడ్డాయంటే నమ్మండి. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే ఉంది. గదిలోకి రాగానే ఇద్దరూ బూట్లతో, చెప్పులతో నడిచారు. ఛీ అక్క గుండె మీద నడిచినట్టే అనిపించింది. ఆయన మంచం అంచున కూర్చుని, ఇస్త్రీ సారు తెప్పించి చేతిలో పెట్టిన కేకు ముక్క తిని, వేళ్ళు చూసుకుని, కిటికీకున్న తెల్లటి తెరకు తుడుచుకున్నాడు. పిల్ల కాదు, జబ్బు మనిషి కాదు. నిక్షేపంలా ఉన్న మనిషి! తెర మీద క్రీము చార పడింది. కాపలా కాసింది ఇందుకా అనుకుంది ఛీ అక్క. పళ్ళు నూరిన చప్పుడు బయటికి వినిపించింది.

"అంటుకునే జబ్బు కాదు కదా?" అని అడిగింది ఆయన భార్య.

"అబ్బే, కాదమ్మా! మీరు దగ్గరగా నిలబడొచ్చు" అన్నాడు ఇస్త్రీ సారు.

"వద్దులే, ఇక్కణ్ణుంచే నవ్వుతాను."

బఠానీని మంచం మీద కూర్చోబెట్టారు. అది ఫోటోవాడి వైపు చూడనే లేదు, ఎలుగుబంటినే చూస్తోంది. "దీనికి మూతి మీద కవరుంది. ఊపిరాడదు. నాకు తెలుసు, ఇలా ఉంటే లోపలంతా వేడిగా ఉంటుంది" అని కవరు పళ్ళతో కొరికి చించసాగింది. ఎంగిలి దిండు మీద కారింది.

ఫోటో అయింది. టైల్సు వ్యాపారి లేచి బాత్రూములోకి నడిచాడు. "నా సరుకు చూడండి. వీటి మీద నీటిబొట్టు పోస్తే ముత్యంలా జారాలి" అని భార్యకి చెప్తూ కుళాయి తిప్పాడు.

బుస్సుమంది. అంతే. నీళ్ళు కాదు, ఒక సాలెపురుగు బయటికొచ్చి ఆయన చెయ్యి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"ఇప్పుడే ఆగాయి సార్, ఇందాకటి దాకా ధారగా వచ్చాయి" అన్నాడు ఇస్త్రీ సారు, చెమటతో నవ్వు ఇస్త్రీ చెదిరిపోతూ. అని, ఇటు తిరిగి ఛీ అక్క చెవిలో గబగబా, "ఫోటో అయిందిగా, ఆ పిల్లని దింపెయ్. దిండు చూడు ఎంగిలి. దుప్పటి, గలీబు అన్నీ మార్చెయ్. ఛీ!" అన్నాడు.

అది ఛీ అక్క ఛీ కాదు. ఇంకొకరి నోట్లోంచి వచ్చిన ఛీ. కవరు చించి ఎలుగుబంటి ముక్కు బయటికి తీసి గాలి విసురుతున్న పిల్లను చూసి అన్న ఛీ. ఆవిడకు ఆ మాట తన మొహాన్నే పడ్డట్టయింది. మెట్ల మీద తాను అన్నది కూడా ఇదే కదా, ఇలాగే వినిపించి ఉంటుంది కదా అనిపించింది. చేపల మార్కెట్టు కంపు, సినిమా హాలు కంపు, మొగుడి గోళ్ళు అన్నీ కలిపినా ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు. ఈసారి రోత తన మీదే.

"అయ్యగారూ, ఆ కుళాయికి నీళ్ళెప్పుడూ రాలేదు" అంది. మూడో అంతస్తు దాకా వినిపించింది.

ఇస్త్రీ సారు ఆమె చెయ్యి గిల్లాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని పమిటకు తుడుచుకుంది.

"గిల్లకండి సారూ, మీ చేతులు చెమటగా ఉన్నాయి. అయ్యగారూ, పైపే వేయలేదు. గదిలో ఎవరూ ఉండరుగా మరి! మీలాంటోళ్ళకి చూపించడానికే ఇది. పైకి రండి, మిగతా గదులు చూపిస్తాను. ముక్కు గట్టిగా మూసుకోండమ్మగారూ, ఈ గుడ్డ చాలదు."

ఇక పేదల కష్టం విని దాతగారి మనసు కరిగిపోయిందనుకునేరు. ఆయన బాధ వేరు. నీలం టైల్సు కేసి, కుళాయి కేసి చూసి, మొహం కందగడ్డలా చేసుకున్నాడు.

"అంటే నా టైల్సు మీద ఇంతవరకు ఒక్క చుక్క నీళ్ళు పడలేదా? ఒక్కరు స్నానం చెయ్యలేదా? నా సరుకుని బొమ్మల కొలువు పెట్టారా? వాడకపోతే దాని నాణ్యం ఎవడికి తెలుస్తుందయ్యా!"

ఛీ అక్కకు నవ్వొచ్చింది, దాని వెనకే డోకు వచ్చింది. ఇంత మంది పిల్లలున్న ఇంట్లో ఈయన దుఃఖం టైల్సు కోసం! అయినా చెడిపోయిన పాలతోనూ నేల కడగొచ్చని ఆమెకు తెలుసు.

"వాడతారు అయ్యగారూ. ఇదిగో, ఈ తల్లీపిల్లా ఈ రోజు నుంచే వాడతారు. తెగ కక్కుతుందిది. మీ టైల్సు ఎంత జారుతాయో తేలిపోతుంది" అని మెడలో తాడు తెంపి తాళంచెవి కండక్టరమ్మ చేతిలో పెట్టింది.

"చూస్తాను. మళ్ళీ వచ్చి చూస్తాను. ఈ గది వాడుకలో లేకపోతే నా దగ్గర్నుంచి ఇంకేమీ రాదు" అని ఇస్త్రీ సారుకి వేలు చూపించి దిగిపోయాడు దాత. దిగుతూ దిగుతూ మెట్ల మూల ఉమ్మేశాడు. ఇస్త్రీ సారు ఆయన వెనకే నవ్వు సర్దుకుంటూ పరిగెత్తాడు.

కండక్టరమ్మ తాళంచెవి గుప్పిట్లో బిగించుకుంది. "అక్కా... అనరాని మాట అన్నాను ఆ రోజు..."

"ఏడ్చావంటే చూడు. ఏడిస్తే లోపల గడియ ఉంది, కానీ ఆ గోడకి చెయ్యి రాశావో, విరిచేస్తాను."

ఆ మాట పూర్తయిందో లేదో, బఠానీ మంచం మీద ముందుకి వంగి, పొద్దున తాగిన పాలన్నీ తెల్ల దుప్పటి మీద భళ్ళున కక్కింది. కక్కి, తలెత్తి ఛీ అక్క మొహంలోకి ఆశగా చూసింది.

ఛీ అక్క కొంచెంసేపు దుప్పటి చూసింది. ఇన్నేళ్ళు తాను ఆనడానికి కూడా భయపడిన దుప్పటి. తర్వాత ఊపిరి గుండెల నిండా పీల్చుకుని అంది, "ఛీ!"

"అదీ!" అని చప్పట్లు కొట్టింది బఠానీ.

పైపు వేసేవాడు వస్తాను, వస్తానంటూనే ఉన్నాడు, రాలేదు. అన్నాళ్ళూ అంతస్తు చివరి బాత్రూముల నుంచి బకెట్లతో నీళ్ళు మోసింది ఛీ అక్కే. మోసినంతసేపూ పైపువాణ్ణీ, వాడి మామనీ, వాడికి పిల్లనిచ్చిన ఊరినీ తిట్టింది. గదిలోకి ఎవరైనా తొంగి చూడబోతే చీపురు తిరగేసేది. దగ్గు తాత మెట్లు దిగేటప్పుడు చేత్తో నోరు మూసుకుని, గోడ వైపు తిరిగి, దొంగలా దిగేవాడు. పిల్లకి జ్వరం తగల్లేదు. రక్తం పుంజుకుంది. తల మీద కొత్త జుట్టు దువ్వెన పళ్ళంత మొలిచాక డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. వెళ్ళేరోజు కండక్టరమ్మ డ్యూటీలో ఉన్న స్నేహితురాలి బస్సు ఆపించి, ముందు సీట్లో కూర్చోబెట్టింది బఠానీని. ఒళ్ళో ఎలుగుబంటి. కవరు లేదు, దాని చెవి మాత్రం ఎప్పుడో నమిలేసింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి "ఛీ!" అని అరిచింది. ఈసారి గొంతులోంచే వచ్చింది. రోడ్డు మీద వాళ్ళంతా తమనే అందేమోనని తలలు వంచుకున్నారు.

ఛీ అక్క వచ్చి గది కడిగింది. మంచం కింద బిస్కెట్టు పొడి, చీమల బారు, ఒక పాలపన్ను. పన్ను చీపురు కొసతో ఎత్తి, అసహ్యంగా చూసి, ఎటో పెట్టింది. ఎక్కడ పెట్టిందో అడిగితే కరుస్తుంది. మధ్యాహ్నానికి గది తళతళలాడింది. వాసన లేదు. చాన్నాళ్ళ తర్వాత తన స్వర్గం తనకు దొరికింది. చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది గానీ, ఆ నిశ్శబ్దంలో ఏమీ తోచలేదు. లేచి, ఇస్త్రీ సారుని కూడా అడక్కుండా, పైకెళ్ళి, విడి గది కావాలని డాక్టరు చెప్పిన ఇంకో కుటుంబాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తాళంచెవి ఇచ్చేసింది. పిల్లాడు పడుకున్నాడు. తల్లి గిన్నెలు సర్దుకుంది.

సాయంత్రం బకెట్టు పట్టుకుని వెళ్ళి తలుపు తోసింది. మంచం అంచున పిల్లాడి తండ్రి కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఎన్నాళ్ళ తర్వాత దొరికిన తీరికో, కాలిగోళ్ళు కత్తిరించుకుని తెల్ల దుప్పటి మీద దులుపుతున్నాడు. ఒక గోరు ఎగిరొచ్చి బకెట్టు నీళ్ళలో టుప్పున పడింది.

ఆ సాయంత్రం వినిపించిన ఛీకి ఆసుపత్రిలో రెండో అంతస్తు డాక్టరు చేతిలోంచి స్టెతస్కోపు జారిపడిందని నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు. తాళంచెవి మాత్రం ఆవిడ తిరిగి అడగలేదు.